5.1 స్పీకర్లలో శబ్దం పగులుతోందా? డెస్క్‌టాప్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకునే సమగ్ర మార్గదర్శి

డెస్క్‌టాప్‌కు కలిపిన 5.1 సెట్‌లో (అయిదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) శబ్దం పగిలినట్టు వినిపించగానే చాలామంది డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తారు. కుదరకపోతే విండోస్ మొత్తం మళ్లీ ఎక్కిస్తారు. ఆ తర్వాత స్పీకర్లే పాడయ్యాయనుకుని కొత్త సెట్ కొంటారు. ఈ మూడూ అన్నీ అయ్యాక చేయాల్సిన పనులు. సినిమా ఫైలులోని శబ్దం ప్లేయర్, విండోస్ మిక్సర్, డ్రైవర్, సౌండ్ చిప్, కేబుల్, యాంప్లిఫయర్ దాటి స్పీకర్ కోన్‌కు చేరుతుంది. ఈ దారిలో ఏ చోట చెడుతోందో తేలితే, మరమ్మతు చాలాసార్లు ఒక టిక్ తీసేయడంతోనో ఒక పిన్ను మార్చడంతోనో అయిపోతుంది. అందుకే వెతికే పద్ధతికే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే అమరికనే తీసుకుందాం: విండోస్ 10 లేదా 11, మదర్‌బోర్డు మీద రియల్‌టెక్ సౌండ్ చిప్, మూడు 3.5 మిల్లీమీటర్ల పిన్నులతో కలిసే 5.1 సెట్. హెచ్‌డీఎంఐ, ఆప్టికల్ కేబుల్ వాడేవాళ్ల సంగతి చివర్లో ఉంది.

ముందు చెవి పెట్టి వినండి

‘సౌండ్ బాగాలేదు’ అంటే సరిపోదు. ఎలాంటి చప్పుడు, ఎప్పుడు, ఏ డబ్బాలో అన్నది గమనిస్తే సగం పని అయినట్టే.

ఫైట్లు, పేలుళ్లలాంటి గట్టి చోట్ల మాత్రమే పగిలి, మెల్లని మాటలప్పుడు శుభ్రంగా ఉంటే అది క్లిప్పింగ్. ఎక్కడో సిగ్నల్ పరిమితి దాటుతోంది.

వాల్యూమ్‌తో సంబంధం లేకుండా అప్పుడప్పుడు చిట్, ఫట్ అంటుంటే కంప్యూటర్ సమయానికి శబ్దాన్ని అందించలేకపోతోంది. మౌస్ కదిపినప్పుడో పేజీ స్క్రోల్ చేసినప్పుడో సన్నగా కీచుమంటే అది వేరు. కంప్యూటర్ లోపలి కరెంటు శబ్దం ఆడియో లైనులోకి దూరుతోందన్నమాట. ఏమీ ప్లే చేయకపోయినా గుంయ్‌మని ఎడతెగని మోత ఉంటే ఎర్తింగ్, కరెంటు సమస్య.

ఒకే డబ్బాలో బరబరలాడితే ఆ డబ్బానో దాని వైరో చెడింది. నటుల మాటలు మాయమై, రీరికార్డింగ్, ప్రతిధ్వని మాత్రమే డొల్లగా వినిపిస్తే మాత్రం స్పీకర్‌ను అనుమానించకండి. పిన్నులోని గ్రౌండ్ అంటుకోవడం లేదు. ఎడమ, కుడి రెండింటిలో సమానంగా ఉండే శబ్దం ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, తేడా మాత్రమే మిగులుతుంది. పిన్నును టక్కుమని చప్పుడయ్యేదాకా లోపలికి నెట్టండి. అప్పటికీ అలాగే ఉంటే కేబుల్ మార్చండి.

దారిని ముక్కలు చేసే మూడు పరీక్షలు

ఇవి చేయకుండా సెట్టింగుల జోలికి వెళ్లొద్దు. తప్పు స్పష్టంగా వినిపించే 30 సెకన్ల సన్నివేశం ఒకటి ఎంచుకుని, ప్రతిసారీ దాన్నే వాడండి. పిన్నులు మార్చేముందు యాంప్లిఫయర్ ఆపండి.

1. ఆకుపచ్చ పిన్ను కంప్యూటర్ నుంచి తీసి ఫోన్‌కు పెట్టండి. హెడ్‌ఫోన్ జాక్ లేని ఫోన్‌కు టైప్-సీ డాంగిల్ కావాలి. పాట శుభ్రంగా వస్తే ముందు స్పీకర్లు, వాటి కేబుల్, యాంప్లిఫయర్‌లోని ఆ భాగం బాగున్నట్టు. తర్వాత నలుపు పిన్నునూ అలాగే చూడండి. నారింజ పిన్ను పెట్టినప్పుడు ఫోన్‌లోని ఎడమ శబ్దం సెంటర్‌లోకి, కుడిది సబ్‌వూఫర్‌లోకి వెళ్లాలి. మూడూ బాగుంటే తప్పు కంప్యూటర్ వైపే.

2. కంప్యూటర్ ఆకుపచ్చ జాక్‌కు మంచి హెడ్‌ఫోన్ పెట్టి అదే సన్నివేశం వినండి. అక్కడా పగిలితే యాంప్లిఫయర్‌ను, డబ్బాలను వదిలేయొచ్చు.

3. కంప్యూటర్ వెనక ఆకుపచ్చ, నలుపు పిన్నులను ఒకదాని చోట ఒకటి పెట్టండి. ఉదాహరణకు వెనక ఎడమ డబ్బా గరగరలాడుతోందనుకుందాం. పిన్నులు మార్చాక కూడా అదే డబ్బా గరగరలాడితే తప్పు కేబుల్, యాంప్లిఫయర్, డబ్బాలలో ఉంది. గరగర ముందు ఎడమ డబ్బాకు మారితే కంప్యూటర్ నుంచి వచ్చే వెనక చానెలే (వెనక స్పీకర్లకు వెళ్లే శబ్దమే) చెడింది. డబ్బా వైపే అని తేలితే, యాంప్లిఫయర్ దగ్గర రెండు డబ్బాల వైర్లు తారుమారు చేసి చూడండి. గరగర డబ్బాతో పాటు కదిలితే డబ్బా పాడైంది, అదే టెర్మినల్ దగ్గర ఉండిపోతే యాంప్లిఫయర్ చానెల్ పాడైంది.

జాక్‌లు, రంగులు

ఆరు జాక్‌లున్న మదర్‌బోర్డుల్లో ఆకుపచ్చ ముందు స్పీకర్లకు, నలుపు వెనక వాటికి, నారింజ సెంటర్, సబ్‌వూఫర్‌లకు వాడతారు. బూడిద రంగు 7.1 సెట్లలో పక్క స్పీకర్లకు. నీలం లైన్-ఇన్, గులాబీ మైక్.

మూడే జాక్‌లున్న బోర్డుల దగ్గరే తికమక వస్తుంది. వీటిలో 5.1 ఎంచుకున్నాక సాధారణంగా నీలం జాక్ వెనక స్పీకర్లకు, గులాబీ జాక్ సెంటర్-సబ్‌కు మారుతుంది. కాబట్టి నల్ల పిన్ను నీలంలో, నారింజ పిన్ను గులాబీలో పెట్టాలి. మైక్‌ను క్యాబినెట్ ముందు జాక్‌కు మార్చుకోవాలి. మీ బోర్డు మాన్యువల్‌లో చానెళ్ల పట్టిక ఉంటుంది, ఒకసారి సరిచూసుకోండి. పిన్ను పెట్టగానే ‘ఏ పరికరం కలిపారు’ అని రియల్‌టెక్ కిటికీ అడిగితే హెడ్‌ఫోన్ అని కాకుండా ఫ్రంట్ స్పీకర్, రియర్ స్పీకర్, సెంటర్-సబ్‌వూఫర్ అని సరైనదే ఎంచుకోండి. జాక్ ఇంకా మైక్‌గానే పని చేస్తుంటే ఆ స్పీకర్లు మూగబోతాయి.

మాటలు సబ్‌వూఫర్‌లోంచి గొంతు నొక్కినట్టు వస్తూ, సెంటర్ డబ్బా గుడగుడలాడుతుంటే నారింజ పిన్నులో రెండు చానెళ్లు తారుమారయ్యాయి. స్పీకర్ కంపెనీలన్నీ ఒకే వరస పాటించవు. యాంప్లిఫయర్ వైపు ఆర్‌సీఏ పిన్నులుంటే ఎరుపు, తెలుపు మార్చి పెడితే చాలు. రెండువైపులా 3.5 పిన్నే ఉంటే రియల్‌టెక్ కన్సోల్‌లో ‘స్వాప్ సెంటర్/సబ్‌వూఫర్’ అనే టిక్ కోసం చూడండి. కొన్ని వెర్షన్లలోనే అది ఉంటుంది. ఈ తప్పును వెంటనే సరిచేయాలి. చిన్న సెంటర్ డబ్బా గట్టి బేస్‌ను ఎక్కువకాలం తట్టుకోలేదు.

విండోస్‌లో చూడాల్సినవి

సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి కిందికి జరిపితే విండోస్ 11లో ‘మోర్ సౌండ్ సెట్టింగ్స్’ కనిపిస్తుంది. విండోస్ 10లో అదే ‘సౌండ్ కంట్రోల్ ప్యానెల్’. అందులో ప్లేబ్యాక్ ట్యాబ్‌లో మీ స్పీకర్లను ఎంచుకుని ‘కాన్ఫిగర్’ నొక్కండి.

5.1 ఎంచుకున్నాక బొమ్మలోని ఒక్కో స్పీకర్ మీద క్లిక్ చేయండి. శబ్దం సరిగ్గా ఆ డబ్బాలోంచే రావాలి. జాబితాలో 5.1 రెండుసార్లు కనిపించొచ్చు. ఒకటి వెనక స్పీకర్ల అమరిక, రెండోది పక్క స్పీకర్లది. ఒకదానితో వెనక డబ్బాలు పలకకపోతే రెండోది ప్రయత్నించండి.

ఆ తర్వాత వచ్చే పేజీల్లో ఒకటి ‘ఫుల్ రేంజ్ స్పీకర్స్’ అడుగుతుంది. అరచేతిలో పట్టే చిన్న శాటిలైట్ డబ్బాలైతే రెండు టిక్కులూ తీసేయండి. టిక్ ఉంటే విండోస్ వాటికి 40, 50 హెర్ట్జ్ బేస్ కూడా పంపుతుంది. మూడంగుళాల కోన్ ఆ శబ్దాన్ని పలకలేక ముందుకూ వెనక్కీ విపరీతంగా ఊగుతుంది, అదే సమయంలో పలకాల్సిన మాటల్ని కూడా చెడగొడుతుంది. టిక్ తీస్తే డ్రైవర్ ఆ బేస్‌ను సబ్‌వూఫర్‌కు మళ్లించాలి. శాటిలైట్లు పగులుతున్నాయన్న ఫిర్యాదుల్లో మేం మొదట అనుమానించేది ఈ టిక్కునే.

ఇప్పుడు ‘ప్రాపర్టీస్’ తెరవండి. లెవెల్స్ ట్యాబ్‌లో ‘బ్యాలెన్స్’ నొక్కి ఆరు చానెళ్లూ సమానంగా ఉన్నాయో లేదో చూడండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 24 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టండి. సినిమాల ధ్వని మామూలుగా 48000 హెర్ట్జ్‌లోనే ఉంటుంది కాబట్టి మార్పిడి అవసరం పడదు. 192000 పెడితే నాణ్యత పెరుగుతుందనుకోవద్దు. కంప్యూటర్ మీద భారం పెరుగుతుంది, అంతే.

ఎన్‌హాన్స్‌మెంట్లు అన్నీ ఆపండి. బేస్ బూస్ట్, రూమ్ ఎఫెక్ట్, వర్చువల్ సరౌండ్ ఇవేవీ పరీక్ష ముగిసేదాకా వద్దు. ఒక జాగ్రత్త: కొన్ని డ్రైవర్లలో బేస్‌ను సబ్‌వూఫర్‌కు మళ్లించే పని కూడా ఈ జాబితాలోనే ‘బేస్ మేనేజ్‌మెంట్’ పేరుతో ఉంటుంది. అన్నీ ఆపాక బేస్ సన్నబడితే అదొక్కటి తిరిగి పెట్టుకోండి. ‘స్పేషియల్ సౌండ్’ ఆఫ్‌లో ఉండాలి. విండోస్ సోనిక్ హెడ్‌ఫోన్ కోసం చేసింది. దాన్ని ఆరు డబ్బాల సెట్ మీద పెడితే మాటలు గుహలోంచి వచ్చినట్టుంటాయి.

గట్టి చోట్ల పగలడం: ఎక్కడ పొంగుతోంది?

డిజిటల్ శబ్దానికి పైకప్పు ఒకటుంది, దాన్ని 0 డెసిబెల్ అంటారు. అంతకుమించిన అల తల నరికినట్టు చదునవుతుంది, అదే మనకు పగిలినట్టు వినిపిస్తుంది. ఈ కాలపు పాటలు ఆ కప్పును తాకేంత గట్టిగానే తయారవుతాయి. వాటి మీద ఈక్వలైజర్‌లో బేస్‌ను 6 డెసిబెల్ పెంచితే ఆ అల ఎత్తు రెట్టింపవుతుంది. పెరగడానికి చోటు లేదు కాబట్టి పగులుతుంది. ఈక్వలైజర్ కావాలంటే అందులో మొత్తం స్థాయిని మార్చే ప్రీయాంప్‌ను కూడా అంతే తగ్గించాలి. ఏదైనా పట్టీని గరిష్ఠంగా 6 పెంచితే, ప్రీయాంప్ మైనస్ 6 పెట్టాలి. లేదా బేస్ పెంచే బదులు మిగతా పట్టీలు తగ్గించండి.

వీఎల్‌సీలో వాల్యూమ్ 100 దాటుతుంది. 100 పైన ఎంత పెంచినా అది కృత్రిమంగా పెంచడమే. ప్లేయర్‌ను 100 దగ్గర ఆపేయండి.

అంతగా ఎవరూ పట్టించుకోనిది డౌన్‌మిక్స్. 5.1 సినిమాను స్టీరియోలో వింటే ముందు చానెల్‌కు సెంటర్‌లో 0.707 వంతు, వెనక చానెల్‌లో 0.707 వంతు కలుపుతారు. మూడూ ఒకేసారి గరిష్ఠంగా ఉంటే మొత్తం 2.414 రెట్లు, అంటే దాదాపు 7.7 డెసిబెల్ ఎక్కువ. ప్లేయర్ మొత్తాన్ని ఆ మేరకు తగ్గించకపోతే పేలుళ్ల దగ్గర పగలక తప్పదు. విండోస్‌లో పొరపాటున స్టీరియో ఎంచుకుని ఉన్నవాళ్లకు ఇదే జరుగుతుంది. ఎంపీసీ-హెచ్‌సీ ప్లేయర్ వాడేవాళ్లు ల్యావ్ ఆడియో డీకోడర్‌లో మిక్సింగ్ ట్యాబ్ తెరిచి, అవుట్‌పుట్ 5.1 అని పెట్టి, ‘క్లిప్పింగ్ ప్రొటెక్షన్’ టిక్ ఉందో లేదో చూసుకోవాలి.

డిజిటల్ వైపు అంతా సరిగా ఉన్నా యాంప్లిఫయర్ పొంగొచ్చు. విండోస్ వాల్యూమ్ 70, 80 మధ్య ఉంచి, మిగతాది యాంప్లిఫయర్ నాబ్‌తో సర్దండి. రెండూ పూర్తిగా పెంచితే చిన్న సెట్ల ఇన్‌పుట్టే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. డబ్బా మీద గొప్పగా రాసిన పీఎంపీఓ వాట్లను (క్షణకాలపు గరిష్ఠ అంకె) నమ్మి వాల్యూమ్ పెంచకండి. నిలకడగా ఇచ్చే శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ వాట్ల అంకె ఎంతో చూడండి, సెట్ తట్టుకునేది అంతే. నాబ్ సగం దాటగానే పగిలితే ఆ సెట్ శక్తి అంతేనని ఒప్పుకోవాలి.

మాటలు వినిపించడం లేదని మొత్తం వాల్యూమ్ పెంచేవాళ్లు చాలామంది. ఆ తర్వాత వచ్చే ఫైటుకు స్పీకర్లు పగులుతాయి. దీనికి విరుగుడు, బ్యాలెన్స్‌లో సెంటర్‌ను 100 దగ్గరే ఉంచి మిగతా చానెళ్లను 75 లేదా 80కి దించడం. రాత్రిపూట చూసేవాళ్లకు ‘లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్’ కూడా ఉపయోగమే, కాకపోతే పాటలు వినేటప్పుడు తీసేయాలి.

చిటపటలు: కంప్యూటర్ ఆలస్యం

విండోస్ సౌండ్ ఇంజిన్ మామూలుగా 10 మిల్లీసెకన్లకొక ముక్క చొప్పున శబ్దాన్ని అందిస్తుంది. ఆ లోపు ఏదో డ్రైవర్ ప్రాసెసర్‌ను వదలకుండా పట్టుకుంటే ఒక ముక్క జారిపోతుంది, చిట్‌మంటుంది. ప్రాసెసర్ ఎంత వేగమైనదైనా ఇది తప్పదు, ఎందుకంటే లోపం వేగంలో కాదు, అడ్డుకునే డ్రైవర్‌లో ఉంది.

లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ డ్రైవర్ పేరు చూపిస్తుంది. దాన్ని నడిపిస్తూ 10 నిమిషాలు సినిమా చూడండి. డ్రైవర్స్ ట్యాబ్‌లో ఎక్కువ సమయం తిన్న ఫైలు పైకి వచ్చేలా వరసపెట్టండి. ఎన్‌డిస్ అని ఉంటే నెట్‌వర్క్, ఎన్‌విఎల్‌డిడిఎంకెఎమ్ అని ఉంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్, స్టోర్‌పోర్ట్ అని ఉంటే డిస్కు వైపు చూడాలి. వై-ఫై మీద అనుమానముంటే దాన్ని కాసేపు ఆపి వినండి. చిటపట ఆగితే డ్రైవర్ మార్చండి, లేదా ల్యాన్ కేబుల్ వాడండి. పవర్ ప్లాన్ ‘హై పెర్ఫార్మెన్స్’లో పెట్టడం కూడా చాలాసార్లు పని చేస్తుంది.

సౌండ్ డ్రైవర్ వంతు ఇప్పుడు. డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ మీద కుడి క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్, ‘లెట్ మి పిక్’ వరసలో వెళ్తే ‘హై డెఫినిషన్ ఆడియో డివైస్’ అనే మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవర్ దొరుకుతుంది. దానితో శుభ్రంగా వస్తే రియల్‌టెక్ డ్రైవర్‌దే తప్పు. మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచి మీ మోడల్‌కు సరిపోయేదే దించుకోండి. మూడు జాక్‌ల బోర్డులో మైక్రోసాఫ్ట్ డ్రైవర్‌తో జాక్‌ల పని మారకపోవచ్చు కాబట్టి దాన్ని పరీక్షకే వాడండి.

యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడుతుంటే హబ్‌లో కాకుండా మదర్‌బోర్డు వెనక పోర్టులో పెట్టండి.

గుంయ్‌మనే మోత: 50 హెర్ట్జా, 100 హెర్ట్జా?

మన దేశంలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని హెడ్‌ఫోన్‌తో 50, 100 హెర్ట్జ్ శబ్దాలు విని, మీ మోత దేనికి దగ్గరో పోల్చండి. 50 అయితే ఎక్కువగా గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ దారులు కలిసి వలయంగా మారడం), ఎర్త్ సమస్య. 100 అయితే యాంప్లిఫయర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల మీద అనుమానం, ఎందుకంటే రెక్టిఫయర్ దాటిన కరెంటు తరంగం 100 హెర్ట్జ్‌దే.

ఆడియో పిన్నులన్నీ పీకేసినా మోత తగ్గకపోతే యాంప్లిఫయరే కారణం. పైభాగం ఉబ్బిన కెపాసిటర్లను అదే మైక్రోఫారడ్ విలువ, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల రకంతో మార్చించాలి. అవి స్విచ్ ఆపాక కూడా చార్జ్ పట్టి ఉంటాయి. అలవాటు లేనివాళ్లు సబ్‌వూఫర్ డబ్బా విప్పకుండా టీవీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఖర్చు కొత్త సెట్ కన్నా చాలా తక్కువ.

పిన్నులు పీకగానే మోత ఆగితే కంప్యూటర్‌నూ యాంప్లిఫయర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చండి. కంప్యూటర్‌కో టీవీకో సెట్ టాప్ బాక్స్ కేబుల్ తగిలి ఉంటే దాన్ని ఊడదీసి వినండి, చాలా ఇళ్లలో లూప్ అక్కడినుంచే వస్తుంది. క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే జివ్వుమంటోందంటే సాకెట్‌కు ఎర్త్ లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించండి. మోత పోవాలని కరెంటు ప్లగ్‌లోని మూడో పిన్ను (ఎర్త్ పిన్ను) విరగ్గొట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, ఎవరు చెప్పినా అది చేయకండి. ఎర్త్ సరిగా ఉన్నా మోత మిగిలితే 3.5 పిన్ను గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టొచ్చు. చౌకవి కాస్త బేస్ తింటాయి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే బరబరమంటుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. దానికి సెట్టింగులతో మందు లేదు, సైన్ వేవ్ ఇన్వర్టరే కావాలి.

డబ్బా పాడైతే

మెష్ తీసి, నాలుగు వేళ్లు కోన్ చుట్టూ సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. కరకరమని గీసుకుంటే కోన్‌ను కదిపే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్ కాలిపోయింది లేదా పక్కకు ఒరిగింది. అంచు రబ్బరు లేదా ఫోమ్ చిరిగితే బేస్ దగ్గర పటపటలాడుతుంది. స్పీకర్ మార్చేటప్పుడు సైజుతో పాటు వెనక రాసిన ఓమ్ విలువ కూడా సరిపోవాలి. వైర్లు బిగించే చోట ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకినా గరగర వస్తుంది. పోగులు మెలితిప్పి మళ్లీ బిగించండి. నాబ్ తిప్పేటప్పుడు మాత్రమే కరకరలాడితే లోపల దుమ్ము పట్టింది. సెట్ ఆపి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది.

హెచ్‌డీఎంఐ, ఆప్టికల్, బ్లూటూత్

ఆప్టికల్ కేబుల్ మామూలు పీసీఎం శబ్దాన్ని (కుదించని డిజిటల్ శబ్దం) రెండు చానెళ్లలోనే మోస్తుంది. 5.1 దాటాలంటే డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ రూపంలో కుదించి పంపాలి. చాలా సినిమాల్లో ఆ ట్రాక్ ముందే ఉంటుంది, కంప్యూటర్ ఆటల్లో ఉండదు. ఆటలకు 5.1 కావాలంటే సౌండ్ చిప్‌కు డాల్బీ డిజిటల్ లైవ్ లేదా డీటీఎస్ కనెక్ట్ సదుపాయం ఉండాలి.

శబ్దం బదులు హోరు మాత్రమే వస్తే కుదించిన డేటాను అవతలి పరికరం విప్పకుండా నేరుగా పలికిస్తోంది. వెంటనే వాల్యూమ్ తగ్గించండి, ఆ హోరు స్పీకర్లకు ప్రమాదం. ప్లేయర్‌లో పాస్‌త్రూ (కుదించిన డేటాను విప్పకుండా అలాగే పంపడం) ఆపి, ప్రాపర్టీస్‌లో ‘సపోర్టెడ్ ఫార్మాట్స్’ ట్యాబ్‌లో మీ పరికరం విప్పలేని ఫార్మాట్ల టిక్కులు తీసేయండి.

హెచ్‌డీఎంఐ ఎనిమిది చానెళ్ల పీసీఎం మోయగలదు. కానీ మధ్యలో టీవీ ఉంటే, టీవీ తాను స్టీరియోనని చెప్పుకోవడంతో కాన్ఫిగర్‌లో 5.1 కనిపించదు. కంప్యూటర్‌ను ముందు రిసీవర్‌కు (హెచ్‌డీఎంఐ జాక్‌లున్న యాంప్లిఫయర్), రిసీవర్‌ను టీవీకి కలపండి. సౌండ్‌బార్‌ను టీవీకే కలిపి పీసీఎం 5.1 వినాలంటే టీవీ, సౌండ్‌బార్ రెండింటికీ ఈఆర్క్ (హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే టీవీ నుంచి శబ్దాన్ని బయటికి పంపే సదుపాయం) ఉండాలి.

5.1 సెట్‌ను బ్లూటూత్‌తో కలిపితే వచ్చేది రెండు చానెళ్లే, మిగతా డబ్బాలకు యాంప్లిఫయరే పంచుతుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో మీటింగ్ మొదలవగానే శబ్దం పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా మారితే, మైక్ కోసం విండోస్ హ్యాండ్స్-ఫ్రీ పద్ధతికి దిగిందన్నమాట. మీటింగ్ యాప్‌లో వేరే మైక్ ఎంచుకుంటే హెడ్‌ఫోన్ మళ్లీ స్టీరియోకు వస్తుంది.